రక్తపు రాచపుండు: యల్లాప్రగడ సుబ్బారావుగారి మందు మొదలు సజీవకణ చికిత్స వరకు

పెద్దాపురమునకు ఆగ్నేయమున కాకినాడ, నైరుతిమూల అనపర్తి, ఆపై గోదావరి దాటి పోయినచో భీమవరము. ఈ మూడూళ్లకును ప్రపంచ వైద్యచరిత్రలోని ఒక గొప్ప ఘట్టముతో సంబంధము కలదు. పసిబిడ్డల రక్తమును పాడుచేసి కొలది వారములలో ప్రాణము తీయు వ్యాధి యొకటి యున్నది. వైద్యులు దానిని అక్యూట్ ల్యుకీమియా యందురు. జనులు రక్తపు క్యాన్సరందురు. ఆ వ్యాధిని మొదటిసారిగా వెనుకంజ వేయించిన మందు వెనుక భీమవరమున పుట్టిన తెలుగువాని మేధ యున్నది. ఆ తెలుగువాడు సముద్రము దాటుటకు అనపర్తిలోని మామగారి ధనసాహాయ్యమును, కాకినాడలోని ధర్మసంస్థ యిచ్చిన భరోసాయు తోడ్పడినవి.

ఆ మందు పుట్టిన డెబ్బదియేండ్లకు మరియొక వింత చికిత్స వాడుకలోనికి వచ్చినది. రోగి రక్తములోని రక్షకకణములనే వెలికిదీసి, వానికి క్రొత్త విద్య గరపి, మరల నతని రక్తములోనికే పంపుదురు. ఈ రెండు కొనలను కలుపు కథ మన సీమలో ఎరిగినవారు తక్కువ. ఎరుగకపోవుటవలన సుబ్బారావుగారి కీర్తికి కలుగు లోపమటుండనిండు. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. రక్తపు క్యాన్సరను మాట చెవినిబడగానే ఆశ వదలుకొని, చికిత్స నడుమ మాన్పించి, బిడ్డను ఇంటికి తెచ్చుకొను తల్లిదండ్రులు నేటికిని గలరు. వారి నిరాశ 1947వ సంవత్సరమునకు పూర్వపు వైద్యమునకు తగినది. నేటి వైద్యమునకు తగినది కాదు. ఆ మార్పు ఎట్లు వచ్చినదో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

మనుష్యుని రక్తము ఎముకల మూలుగలో పుట్టును. ఎర్రకణములు ఊపిరి నుండి ప్రాణవాయువును దేహమంతటికి మోయును. తెల్లకణములు రోగక్రిములతో పోరాడును. వీనికంటె చిన్నవగు మరికొన్ని కణములు గాయమైన చోట రక్తమును గడ్డకట్టించును. ఇవన్నియు లేతకణములుగా పుట్టి, క్రమముగా ముదిరి, తమ తమ పనులలో ప్రవేశించును.

వరిచేలో ఊద మొలచినప్పుడు మొదట దానిని గుర్తించుట కష్టము. వరిమొక్కవలెనే యుండును, వరికి పెట్టిన నీరు త్రాగును, ఎరువు తినును, పిమ్మట వరిని మించి పెరిగి చేనంతయు కమ్మును. తీవ్ర ల్యుకీమియా ఇట్టిదే. మూలుగలోని ఒక లేత తెల్లకణము ముదురుట మరచి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుచునే పోవును. దానివలన మంచి కణములకు చోటుండదు. ఎర్రకణములు తగ్గగా బిడ్డ పాలిపోవును. పనికివచ్చు తెల్లకణములు లేక విడువని జ్వరము వచ్చును. రక్తము గడ్డకట్టక చిగుళ్లనుండి నెత్తురు కారును, చర్మముపై కమిలిన మచ్చలు పొడసూపును. ఎముకలు నొచ్చుచున్నవని బిడ్డ యేడ్చును.

1845లో ఎడింబరోలో బెన్నెట్టు, బెర్లినులో విర్ఖో అను వైద్యులు ఈ జాతి వ్యాధిని వేరువేరుగా వర్ణించిరి. తెల్లని రక్తమను అర్థమిచ్చు గ్రీకుమాటతో ల్యుకీమియా యని విర్ఖో 1847లో పేరుపెట్టెను. అటుపిమ్మట నూరేండ్లు వైద్యులకు వ్యాధి పేరు తెలిసినదే కాని మందు తెలియలేదు. ఎక్సు కిరణములు, పరుల రక్తమెక్కించుట మొదలగునవి కొన్ని దినములు గడిపించినవి. తీవ్రవ్యాధి సోకిన బిడ్డను మాత్రము బ్రతికింపలేకపోయినవి.

భీమవరము నుండి బోస్టను వరకు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి యుండెను. పదుమూడేండ్ల ప్రాయమున కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని తలచి ఇల్లు విడచి పోయిరనియు, దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరనియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. రాజమహేంద్రవరమున చదివి, పిదప మద్రాసు చేరి, ప్రవేశపరీక్షయగు మెట్రిక్యులేషనులో మూడవ మారు గాని ఉత్తీర్ణులు కాలేదు. పరీక్షలో తప్పిన పిల్లవానిని మందబుద్ధియని త్రోసిపుచ్చు పెద్దలు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనదగును.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచున్న దినములలో గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స గదిలో వేసికొను అంగీ సయితము ఖద్దరుదే యుండెను. ఆ శాఖాధిపతియగు ఆంగ్లేయునికి అది రుచింపలేదు. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ఈ చిన్న పట్టము తరువాత అమెరికాలో ఆయనను చిరకాలము వెన్నాడినది.

అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఆయన వివాహమాడిరి. ఆ మామగారు అల్లుని వైద్యవిద్యకు సాయపడిరి. ఇంతలో స్ప్రూ అను వ్యాధి ఆ యింట ప్రవేశించెను. ఇది మన వైద్యులు గ్రహణియని చెప్పు జాతికి చెందినది. తిన్నది వంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి శుష్కించి పోవును. ఆ రోగము ఆయన తోడబుట్టినవానిని బలిగొన్నది. పిమ్మట ఆయనకే సోకినది. ఆంగ్లవైద్యము చేతులెత్తివేయగా డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ఆయన కోలుకొనిరి. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, స్ప్రూవంటి ఉష్ణదేశ వ్యాధుల మూలమేమో కనుగొనవలెనని పట్టుబట్టిరి.

అమెరికా పోవుటకు ధనము కావలసి వచ్చెను. కోరంగిలో పుట్టి, రంగూనులో గడించిన ఐశ్వర్యమును ధర్మకార్యములకు వ్రాసియిచ్చిన మల్లాడి సత్యలింగనాయకరుగారి పేర కాకినాడలో ఒక ధర్మసంస్థ కలదు. ఆ సంస్థ సాయము చేయుదుమని భరోసా యిచ్చెను. మామగారు మరికొంత ధనము కూర్చిరి. ముప్పదియేండ్లు నిండకమునుపే సుబ్బారావుగారు భార్యను పుట్టినింట విడచి బోస్టను నగరము చేరిరి. తిరిగి వచ్చుట మాత్రము ఆయనకు ప్రాప్తింపలేదు. శేషగిరిగారు ఇచ్చటనే ఎదురుచూచుచు జీవితము గడపిరి. మందు చరిత్రలో ఆ సాధ్వి త్యాగమునకును ఒక పద్దు వ్రాయవలసి యున్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యశాఖలో చదువుచు, కడుపు నింపుకొనుటకు ఒక వైద్యశాలలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువు చేసిరి. పిదప సైరస్ ఫిస్కె అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరిరి. రక్తములోని భాస్వరమును కొలుచుటకు ఆ యిద్దరును 1925లో ప్రకటించిన పద్ధతి వారిద్దరి పేరనే లోకమున ప్రసిద్ధమైనది. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో దేహమందలి ప్రతి కణమునకును శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. అదే యేడు జర్మనీలో లోమను అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి డాక్టరు పట్టము వచ్చెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము రాలేదు. 1940లో ఆయన హార్వర్డు విడచి న్యూయార్కు రాష్ట్రమునందలి పర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అచ్చటి పరిశోధనకు నాయకులైరి.

ఆకుకూర నుండి ఔషధము వరకు

ఇచ్చట కథ ఒకమారు బొంబాయికి మరలవలెను. ఆ నగరపు బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలు రక్తహీనతతో మరణించుచుండగా లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు వచ్చి పరిశోధించెను. ఈస్టు సారమును తినిపించినచో రక్తము మరల వృద్ధియగుచున్నదని ఆమె 1931లో ప్రకటించెను. ఈస్టులోని ఆ మేలుచేయు పదార్థమేదో అప్పటికి తెలియదు. పది యేండ్లకు, 1941లో, అమెరికాలో మిచ్చెలు మున్నగు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి రవంత పదార్థము తీసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. లాటిను భాషలో ఫోలియమనగా ఆకు.

పాలకూర నుండి తీసిన ఆ కొంచెము రోగులకు ఏమూలకును చాలదు. సుబ్బారావుగారి ఆధ్వర్యవమున లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందము ఆ పదార్థపు కూర్పును కనుగొని 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసెను. ఆ ఫోలిక్ ఆమ్లము స్ప్రూ రోగుల రక్తహీనతను కుదిర్చెను. తోడబుట్టినవానిని కోలుపోయిన రోగమునకు ఔషధము తన ప్రయోగశాలనుండి వెలువడుట ఆయనకెట్టి తృప్తినిచ్చినదో ఊహింపవచ్చును. నేడు పల్లెపల్లెను గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చుచున్న మాత్రలలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

బోస్టను పిల్లల వైద్యశాలలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, రక్తహీనతను మాన్పు ఈ పదార్థము ల్యుకీమియాను కూడ మాన్పునేమోయని, ఫోలిక్ ఆమ్లపు జాతి మందులను వ్యాధిగ్రస్తులగు బిడ్డలకిచ్చి చూచెను. ఫలితము తలక్రిందులైనది. వ్యాధి తగ్గుటకు మారుగ మరింత వేగముగా పెరిగినట్లు కానవచ్చెను. కలుపునకు ఎరువు వేసినట్లయ్యెను. అయితే ఈ చేదు అనుభవమునుండియే మేలైన తలంపు పుట్టినది. ఫోలిక్ ఆమ్లము దొరికినచో పెరుగు శత్రువు అది దొరకకున్నచో కృశింపవలెను గదా! దానిని దొరకకుండ చేయుట యెట్లు?

అందులకు సాధనము లెడర్లీ ప్రయోగశాలలోనే సిద్ధమై యుండెను. సుబ్బారావుగారి పర్యవేక్షణలో డోరిస్ సీగర్ మొదలగు రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు కూర్పులో చిన్న మార్పుచేసి, చూచుటకు దానివలెనే యుండి దాని పని చేయనేరని పదార్థములను తయారుచేయుచుండిరి. ఒక్క అక్షరము మార్చిన దస్తావేజు పైకి అసలుదానివలెనే కనబడును. కచేరీలో దాఖలు చేసిన పిదప వ్యవహారమంతయు నిలిచిపోవును. ఈ మందును అట్టిదే. కణము దానిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి లోనికి తీసికొనును. పిదప రెండుగా చీలుటకు వలయు సామగ్రి తయారుకాక నశించును. అట్టి పదార్థములలో అమినోప్టెరిను అనునది 1947లో వెలువడెను.

1947 డిసెంబరు చివర ఫార్బరు దానిని చావునకు సమీపించిన బిడ్డకు ఇయ్యనారంభించెను. మూలుగలోని దుష్టకణములు తగ్గెను. వాచిన ప్లీహము తీసెను. మంచమునంటిన బిడ్డ లేచి తిరుగాడెను. 1948 జూన్ 3వ తేదీన వెలువడిన ఆయన వ్యాసమున 16 మంది బిడ్డలకు ఈ మందు ఇచ్చినట్లును, 10 మందికి మేలు కనిపించినట్లును వ్రాయబడినది. వ్యాసమునకు పెట్టిన పేరులోనే తాత్కాలికమను మాట కలదు. కొన్ని నెలలకు వ్యాధి మరల వచ్చెడిది. అయినను నూరేండ్లలో ఎన్నడును వెనుకకు తగ్గని శత్రువు ఒకమారు వెనుకకు తగ్గెను.

ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున సుబ్బారావుగారు నిద్రలోనే హృద్రోగముచే మరణించిరి. అదే ప్రయోగశాలనుండి అదే కాలమున హెట్రజాను, ఆరియోమైసిను అను మందులును వెలువడినవి. వానిలో మొదటిది బోదకాలునకు వాడునది. దోమకాటుతో కాళ్లు బోదలైన వారిని తరతరములుగ చూచిన గోదావరి సీమకు ఈ ఒక్క మందుచేతనే ఆయన బంధువు. మన ప్రభుత్వము 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, తపాలాబిళ్ల వెలువరించినది.

మందుల కూటమి

అమినోప్టెరినుకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు దానికంటె వాడుటకు అనుకూలమని తేలి దాని స్థానమును ఆక్రమించెను. అయినను ఒక్క మందుతో ఈ వ్యాధి సమూలముగా నశింపదని వైద్యులు త్వరలోనే గ్రహించిరి. పైరుకోసిన చేలో కలుపు గింజలు మిగిలియుండి మరుసటి కారునకు మొలచినట్లు, చికిత్స కడతేరిన పిదప దాగియున్న కణములు మరల మొలచుచుండెను. కావున వేరువేరు త్రోవలలో శత్రువును కొట్టు మందులను ఒక్కమారుగ ప్రయోగింపవలెనను తలంపు బలపడెను.

గెర్ట్రూడ్ ఎలియను, జార్జి హిచ్చింగ్సు తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిను 1953లో వాడుకలోనికి వచ్చెను. మన పెరళ్లలో పూయు బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిను 1963లో వచ్చెను. ఇన్నేండ్లు కంచెప్రక్కన పూచిన మొక్క పసిబిడ్డల ప్రాణరక్షకి కాగలదని ఎవరనుకొనిరి! అయితే ఆ యాకును ఇంట నూరి త్రాగించుట అపాయకరము. వైద్యుడు మిక్కిలి చిన్న కొలతలో నరములోనికి ఎక్కించినపుడే అది మందు, తక్కినపుడు విషము.

అమెరికాలో మెంఫిసు నగరమున 1962లో తెరువబడిన సెయింట్ జూడు పిల్లల వైద్యశాలలో డొనాల్డు పింకెలు ఈ మందులన్నిటిని వరుసక్రమమున కూర్చెను. వ్యాధి మెదడు చుట్టును నున్న నీటిలో దాగుచున్నదని తెలిసి, అచ్చటికి చేరునట్లు మెథోట్రెక్సేటును వెన్నెముక నీటిలోనికే ఎక్కించెను. 1970 ప్రాంతమునకు బిడ్డలలో ఇంచుమించు సగముమంది పూర్తిగా కోలుకొనుట మొదలాయెను. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన బిడ్డలు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు. ఆ చికిత్స రెండు మూడేండ్లు సాగును. దాని చివరి భాగమున వారమునకొకమారు మ్రింగు మాత్ర సుబ్బారావుగారి నాటి మెథోట్రెక్సేటే. మన దేశమున ఫలితము అంతగా లేకుండుటకు ముఖ్యకారణములు మూడు: వ్యాధిని ఆలస్యముగా గుర్తించుట, చికిత్సాకాలమున క్రిమిరోగములు సోకుట, డబ్బు చాలకనో ఆశ తప్పియో నడుమ మానివేయుట.

మరియొక మార్గమును ఈ కాలముననే తెరువబడినది. డొనాల్ టామసు అను వైద్యుడు 1957 మొదలు ఒకరి మూలుగను వేరొకరికి ఎక్కించు ప్రయత్నములు చేసి, అందులకై 1990లో నోబెలు బహుమానమందెను. ఈ చికిత్సలో ఒక విశేషము కనబడెను. దాత మూలుగనుండి వచ్చిన రక్షకకణములు రోగిలో మిగిలిన దుష్టకణములను వెదకి చంపుచున్నవి. అనగా సరియైన రక్షకకణము దొరికినచో, మందు చేయలేని పనిని అది చేయగలదు. ఇక రోగి సొంత కణములకే ఆ శక్తి కలిగింపరాదా యను ప్రశ్న పుట్టెను.

కణములకు విద్య గరపుట

మన రక్తములో టి-కణములను తెల్లకణములు గలవు. ఇవి ఊరి తలారులవంటివి. దేహమంతయు సంచరించుచు, పరాయి క్రిమి సోకిన కణమును పసిగట్టి చంపును. అయితే ల్యుకీమియా కణము పరాయిది కాదు, దేహములో పుట్టినదే. అమృతము పంచువేళ దేవతల పంక్తిలో వేషము మార్చి కూర్చున్న రాహువువలె అది మంచి కణముల నడుమ కూర్చుండును. రాహువును సూర్యచంద్రులు గుర్తించి సైగచేయగా చక్రము అతని తల ఖండించినది. ల్యుకీమియా విషయమున చక్రము కలదు. సైగచేయు సూర్యచంద్రులు లేరు.

ఆ లోపమును తీర్చు ఉపాయము 1989లో ఇజ్రాయేలు దేశపు వైజ్‌మను విద్యాసంస్థలో జెలిగ్ ఎష్‌హారు, ఆయన సహచరులు చూపిరి. శత్రువు గుర్తును పట్టగల ఒక కొక్కెమును టి-కణము పైభాగమున మొలిపించుటయే ఆ యుపాయము. మొదటి కొక్కెములు గల కణములు దేహములో చిరకాలము నిలువలేదు. న్యూయార్కులో మిషెల్ సాడెలెయిను, మెంఫిసులో డారియో కాంపానా కొక్కెమునకు లోపలివైపున బలము చేకూర్చు భాగములను కలిపి, ఆ కణములు వృద్ధిపొంది నిలుచునట్లు చేసిరి. పింకెలు మందులను కూర్చిన మెంఫిసు వైద్యశాలయే కాంపానా పనిచేసిన చోటు. ఇట్లు మార్చిన కణములకు కార్-టి కణములని పేరు.

చికిత్స జరుగు విధమిది. యంత్రముద్వారా రోగి రక్తమునుండి టి-కణములను వేరుచేయుదురు. రోగము కలిగించు శక్తిని తీసివేసిన వైరసును వాహనముగా చేసికొని, కొక్కెము తయారుచేయు జన్యువును ఆ కణములలోనికి చేర్తురు. వానిని ప్రయోగశాలలో కొన్ని కోట్లుగా పెంచుదురు. ఇంతలో రోగికి మందులిచ్చి పాతకణములను తగ్గించి చోటుచేయుదురు. పిదప క్రొత్త కణములను నరములోనికి ఎక్కింతురు. ఇవి లోపల మరల వృద్ధిపొందును. సాధారణమైన మందు ఒంటిలో కరగిపోవును. ఇది బ్రతికియుండి పెరుగును.

ఈ కణములకు చూపిన గుర్తు సి.డి.19 అనునది. బి-కణములను ఒకజాతి తెల్లకణములన్నిటిపైనను ఈ గుర్తుండును. బిడ్డలకు తరచుగ వచ్చు తీవ్ర ల్యుకీమియా ఆ జాతినుండి పుట్టినదే. కావున ఈ చక్రము రాహువుతోపాటు అదే పంక్తిలోని మంచి బి-కణములను గూడ ఖండించును. అయితే ఆ కణములు లేకున్నను, అవి చేయు రక్షకపదార్థములను బయటినుండి ఇచ్చి మనిషిని కాపాడవచ్చును. అందుచేతనే ఆ గుర్తును ఎన్నుకొనిరి.

2012 ఏప్రిలులో ఫిలడెల్ఫియా పిల్లల వైద్యశాలలో, రెండుమార్లు వ్యాధి తిరుగబెట్టిన ఆరేండ్ల బాలికకు, కార్ల్ జూన్ బృందము తయారుచేసిన కణములెక్కించిరి. టి-కణములు శత్రువుపై విజృంభించగా దేహమంతయు మంట రేగినట్లు తీవ్రజ్వరము వచ్చి, బాలిక చావునకు చేరువైనది. కీళ్లవాతమునకు వాడు టోసిలిజుమాబు అను మందునిచ్చి ఆ మంటను చల్లార్చిరి. కొన్ని వారములకు పరీక్షింపగా ఆమె మూలుగలో ల్యుకీమియా కానరాలేదు. ఆ తరువాతి సంవత్సరములలోను వ్యాధి తిరిగి రాలేదు.

2017 ఆగస్టు 30వ తేదీన అమెరికా ప్రభుత్వము ఈ చికిత్సకు అనుమతి నిచ్చెను. మందులన్నియు విఫలమైన 75 మంది బాలురు, యువకులపై జరిపిన పరీక్షలో నూటికి 81 మందికి మూడు నెలలలో వ్యాధి కనబడకుండ పోయెను. ఏడాది గడచునప్పటికి వ్యాధి తిరుగబెట్టక నిలిచినది ఇంచుమించు సగముమందికి. కొందరిలో దుష్టకణములు ఆ సి.డి.19 గుర్తునే వదలించుకొని మరల వేషము మార్చినవి. కావున ఇది అద్భుతమే కాని అమృతము కాదు. ధర యెంతయందురా? 2017లో ఒక్క రోగికి 4,75,000 డాలర్లుండెను. మన సీమలో పెద్ద రైతు భూమినంతయు విక్రయించినను సమకూడని సొమ్ము.

భారతదేశమున

ఆ ధరను తగ్గింపవలెనను పట్టుదలతో బొంబాయిలోని ఐ.ఐ.టి.యందు రాహుల్ పుర్వారు బృందమును, టాటా స్మారక వైద్యశాలయందు గౌరవ్ నరులా, హస్‌ముఖ్ జైన్ మొదలగు వైద్యులును కలిసి పనిచేసిరి. 2021 జూన్ 4వ తేదీన టాటా వైద్యశాలకు చెందిన కేంద్రమున స్వదేశమున తయారైన కార్-టి కణములను మొదటి రోగికి ఎక్కించిరి. నెక్స్‌కార్19 అను పేరుగల ఆ చికిత్సకు 2023 అక్టోబరులో భారత ప్రభుత్వపు అనుమతి లభించెను. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు దానిని ఆవిష్కరించిరి. దీని ధర అమెరికాలోని ధరలో దాదాపు పదియవ వంతు. అయినను అది లక్షలలోనిదే. కూలినాలి చేయువారి కందునది కాదు.

ఈ అనుమతి పదునైదేండ్లు నిండినవారికి, అదియు మందులకు లొంగని లేక తిరుగబెట్టిన వ్యాధికి మాత్రమే. క్రొత్తగా వ్యాధి సోకిన బిడ్డకు మొదటి ఆశ్రయము నేటికిని పాతమందుల కూటమియే. ఈ తేడా తెలియక, ఏదో క్రొత్త వైద్యము వచ్చినదట, అంత ధనము మనమెచ్చట తెత్తుమని దిగులుపడి, చేతికందిన చికిత్సను మానుకొనుట గొప్ప పొరపాటగును. పాతమందులలో అనేకము చవుకయైనవి. పెద్ద ప్రభుత్వాసుపత్రులందును దొరకును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు చికిత్స భారమును పేదకుటుంబముల నెత్తినుండి కొంత దింపినది.

జమాఖర్చు

ఈ చరిత్రనంతయు ఒక లెక్కగా వ్రాసినచో జమకట్టవలసిన పేర్లు అనేకములు. బొంబాయి మిల్లు స్త్రీలను పరీక్షించిన లూసీ విల్స్, నాలుగు టన్నుల పాలకూరను వడగట్టినవారు, అక్షరము మార్చిన రసాయనజ్ఞులు, బిడ్డల చావులు చూచి నిద్రలేని ఫార్బరు, కొక్కెము తలచిన ఎష్‌హారు, ధర తగ్గించిన బొంబాయివారు. క్రొత్త మందులను తమ బిడ్డలపై ప్రయోగించుటకు సమ్మతించిన తల్లిదండ్రుల పేర్లు ఏ పుస్తకమునను లేవు. వారి ఋణమే అన్నిటికంటె పెద్దది. ఆ లెక్కలో మొదటి పుటలలోనే భీమవరము, అనపర్తి, కాకినాడ అను ఊళ్ల పేర్లు వ్రాయబడియున్నవి. సత్యలింగనాయకరుగారు ధర్మమునకు ధనము వ్రాసియిచ్చిన నాడు అది బోస్టను బిడ్డల ప్రాణములకు ముడిపడునని ఆయనకు తెలియదు. విద్యాదానము యొక్క ఫలము దాత కంటికి కనబడునంత దగ్గరలో పండవలెనను నియమము లేదు.

సుబ్బారావుగారి జీవితచరిత్ర ప్రతి గ్రంథాలయమునందును ఉండదగినది. దానిని చదువు బాలుడు మూడుమార్లు పరీక్ష తప్పినవాడు కావచ్చును. చదువను తీరికలేని తల్లికి గ్రంథాలయమునకు వచ్చువారు ఈ నాలుగు మాటలు చెప్పిన చాలును. బిడ్డ కారణము లేక పాలిపోవుచున్నను, జ్వరము రెండు వారములైనను విడువకున్నను, చిగుళ్ల నెత్తురును కమిలిన మచ్చలును కనబడినను, దృష్టిదోషమనియో, బలహీనతయనియో కాలము గడపక రక్తపరీక్ష చేయింపవలెను. వ్యాధి యని తేలినచో పెద్దాసుపత్రికి తక్షణము కొనిపోవలెను. బిడ్డ కోలుకొని ఆడుకొనుచున్నను, వైద్యుడు చాలునని చెప్పువరకు వారపు మాత్రను మానరాదు.